నాయకుల ప్రసంగాలు నిజంగా ఇళ్ళను చీలుస్తాయా? మా ఇంట్లో జరిగింది

ప్రసంగాలే మనుషులను విడగొడతాయా, లేక ముందే ఉన్న తగాదాలు ఎన్నికలప్పుడు బయటపడతాయా అని అడిగారు. రెండూ అంటాను.

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళు, ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగితే ఎముకలు వంగిపోతాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ నీళ్ళ గోస ఢిల్లీకి వినపడాలని నల్లగొండ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. అప్పుడు మా నాయన, చిన్నాయన ఒకే మాట మీద ఉన్నారట.

2022 నవంబర్‌లో మా అసెంబ్లీ నియోజకవర్గం మునుగోడు ఉపఎన్నిక నాటికి లెక్క మారింది. మూడు పార్టీల సభలూ చూశాను (దావత్‌ల సంగతి వదిలేయండి). ఒక చోట, నడుం వంగిపోయి తల ఎత్తలేని తాత ఒకాయన కర్ర ఊతంతో ముందుకొచ్చి, "సారూ, కాల్వ ఎప్పుడొస్తది?" అన్నాడు. బండి మీదున్న నాయకుడు కాల్వ ఊసే ఎత్తలేదు. "ఈ పెద్దాయనతో అడిగిస్తున్నదెవరో నాకు తెల్సు. ద్రోహులను గుర్తుపట్టుండ్రి!" అన్నాడు. ఈలలు, డప్పులు. తాత పక్కనున్నవాళ్ళు మెల్లగా రెండడుగులు జరిగారు.

జవాబు చెప్తే రేపు అదే మాట పట్టుకుని నిలదీస్తారు. అడిగినవాణ్ణే అవతలి మనిషిని చేస్తే ఆ బాధ లేదు.

ఆ వీడియో ముక్కను చిన్నాయన మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దాని కింద నాయన "అమ్ముడుపోయినోళ్ళు" అని రాశాడు. "నన్నేనా అన్నా అనేది?" అంటూ తెల్లారేసరికి చిన్నాయన వాకిట్లో ఉన్నాడు. వాళ్ళకు గట్టు తగాదా ఎప్పటినుంచో ఉంది. ఏడాదికోసారి అరుచుకుని, పండుగకు కలిసి తినేవాళ్ళు. ఈసారి ఆ తగాదాకు పార్టీ పేరు వచ్చింది, అంతే.

నాయకుడికి దీంట్లో లాభమేంటంటారా? ఆయన కోసం సొంత తమ్ముడితో మాటలు మానేశాక, ఆయనది తప్పని ఒప్పుకుంటే తమ్ముడి ముందు తల దించుకోవాలి. అందుకే ఏం చేసినా వెనకేసుకొస్తాం. పైసలు తీసుకున్నవాడైనా ఓటు మారుస్తాడేమో గానీ, పంతం పట్టినవాడు మార్చడు.

తర్వాత టీఆర్‌ఎస్ పేరు బీఆర్‌ఎస్ అయింది. కాంగ్రెస్ నుంచి బీజేపీకి వెళ్ళి ఆ ఉపఎన్నికలో ఓడిన రాజగోపాల్ రెడ్డి 2023 అక్టోబర్‌లో కాంగ్రెస్‌కే తిరిగొచ్చి మునుగోడు గెలిచారు. మా ఇద్దరు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే. బత్తాయి తోటకు బోరు ఒక్కటే, వంతులవారీగా పారిస్తారు. వంతు మారే రాత్రి ఒక మిస్డ్ కాల్ వస్తుంది. నాయన లేచి వెళ్ళి మోటారు బంద్ చేసి వస్తాడు.