మీ నాన్నగారి పని మీరెందుకు చేస్తున్నారు?

ప్రశ్న: మాది మదనపల్లె. పెళ్లయి నాలుగేళ్లు, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నా చిన్నప్పటి నుంచీ అమ్మ డిప్రెషన్‌లోనే ఉంది. నాన్న మాత్రం నరాల బలహీనత అంటూ బలానికి ఇంజెక్షన్లు వేయించేవారు. బడి నుంచి వచ్చేసరికి పొద్దుటి గిన్నెలు అలాగే ఉంటే అమ్మ మంచం దిగలేదని అర్థమయ్యేది, చప్పుడు కాకుండా తోమేసేదాన్ని. ఇప్పుడు మావారు కాసేపు మాట్లాడకపోతే గుండె దడ. 'నా మీద కోపమా' అని అడిగిందే అడుగుతాను, ఆయన విసుక్కుంటారు. ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని కొన్నాళ్లు హైదరాబాద్ వెళ్లిపోనా? రోజూ రాత్రి నాన్న ఫోన్ చేసి అమ్మ సంగతులు చెబుతారు, ఇక నిద్ర పట్టదు.

జవాబు: హైదరాబాద్ వెళ్తే మీవారి మొహం కనబడదు, అంతే. మెసేజ్‌కి రెండు గంటలు రిప్లై రాకపోతే మళ్లీ అదే దడ. ఆ ఆలోచన మానేయండి.

ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1970ల్లో తల్లులను పసిబిడ్డల ఎదురుగా కూర్చోబెట్టి, కాసేపు మొహంలో ఏ భావమూ లేకుండా ఉండమన్నారు. పిల్లలు నవ్వారు, చేతులు చాచారు, ఏం చేసినా అమ్మ పలకకపోయేసరికి ఏడుపుకొచ్చి మొహం తిప్పేసుకున్నారు. మీది ఏళ్ల తరబడి అదే పరిస్థితి. మీవారి మౌనంలో మీకు వినబడేది ఆ పాత ఇల్లే, ఆయన పాపం ఆఫీసు టెన్షన్‌లో ఉండి ఉంటారు.

అయితే తల్లికి డిప్రెషన్ ఉన్న పిల్లలందరూ ఇలా అవరు. ఇంట్లో ఇంకో పెద్దమనిషి దగ్గర కూర్చోబెట్టుకుని 'అమ్మకు ఒంట్లో బాలేదు, నీ తప్పేం లేదు, పోయి ఆడుకో' అంటే చాలామంది తట్టుకుంటారు. మీ ఇంట్లో ఆ మాట అనాల్సిన మనిషి ఎవరు? ఆ గిన్నెలు ఆయనకు కనబడలేదా? జబ్బు పేరు చెప్పుకోవడానికి పరువు అడ్డొచ్చి, భార్య బరువు తెచ్చి కూతురి మీద పెట్టారు, ఇప్పటికీ రోజూ రాత్రి పెడుతూనే ఉన్నారు. తల్లిని చూసుకోవడం మీ ధర్మం కాదనను, కానీ తాళి కట్టినాయన బతికుండగా మొదటి బాధ్యత ఆయనదే.

ఈసారి ఫోన్ వచ్చినప్పుడు 'అయ్యో' అనకండి. 'అమ్మను బెంగళూరు ఎప్పుడు తీసుకొస్తున్నారు నాన్నా?' అని అడగండి. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే ప్రభుత్వ మానసిక వైద్య ఆసుపత్రి ఉంది, మదనపల్లె నుంచి అదేం దూరాభారం కాదు. ఇన్నేళ్ల డిప్రెషన్‌కి కూడా మందులున్నాయి, కానీ గుణం కనబడటానికే కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే ఆపేస్తానంటే ఒప్పుకోకండి. ఆయన కోప్పడతారు. పడనీయండి, డెబ్బై ఏళ్ల మనిషైనా భార్య కోసం ఒకసారి క్యూలో నిలబడొచ్చు. అంతలో మీరు మాట్లాడుకోవడానికి 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక మీవారికి ఆ గిన్నెల సంగతి చెప్పారా? నాకు రాసినంత వివరంగా ఆయనకు చెప్పి ఉండరనే నా అనుమానం. ఈ ఆదివారం చెప్పండి, ఏడుపొస్తే ఏడవండి, మధ్యలో 'కోపమా' అని మాత్రం అడక్కండి.