పాఠకుల ప్రశ్నలు, వైద్యుని సమాధానాలు: మాజీ సైనికుల ఆసుపత్రిలో ‘చీఫ్ ఆఫ్ స్టాఫ్’

ప్రశ్న: అమెరికాలోని ఒక మాజీ సైనికుల ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా జనరల్ మెడిసిన్ వైద్యుడిగా పనిచేస్తున్నాను. గత మూడేళ్లుగా ఆ విభాగానికి అధిపతిని కూడా. మా చీఫ్ ఆఫ్ స్టాఫ్ వచ్చే వేసవిలో పదవీ విరమణ చేస్తున్నారు. ఆ స్థానానికి దరఖాస్తు పెట్టుకోమని డైరెక్టర్ గారు రెండుసార్లు అడిగారు. గుంటూరు పెద్దాసుపత్రిలో సర్జన్‌గా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మా నాన్నగారు మాత్రం, ‘అది మన సూపరింటెండెంటు ఉద్యోగమే, రోగులను వదిలేసి ఫైళ్లు పట్టుకుంటావా’ అంటున్నారు. ఆయన పోలిక సరైనదేనా? ఈ పదవి తీసుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, ఒహాయో

సమాధానం: ముందు పేరు సంగతి. చీఫ్ ఆఫ్ స్టాఫ్ అనగానే మనవాళ్లకు సైన్యాధిపతి గుర్తుకు వస్తాడు. నేను అటువంటి కార్యాలయంలో ఉపాధికారిగా చేరిన రోజున మా అమ్మ ఫోనులో ‘నీకూ తుపాకీ ఇస్తారా’ అని అడిగింది. ఇక్కడ స్టాఫ్ అంటే ఆసుపత్రి సిబ్బంది అందరూ కాదు. అది మెడికల్ స్టాఫ్, అంటే ఆ ఆసుపత్రిలో చికిత్స చేయడానికి అనుమతి పొందిన వైద్యుల సమూహం. వారికి పెద్ద చీఫ్ ఆఫ్ స్టాఫ్. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మీ నాన్నగారి పోలిక ఎక్కడ తప్పుతోందో తేలిపోతుంది.

మన ప్రభుత్వాసుపత్రిలో సూపరింటెండెంటు తానే వైద్యుడు, ఆసుపత్రికి తానే పెద్ద. ఆపరేషన్ థియేటర్ నుంచి పారిశుద్ధ్యం దాకా అన్నిటి గొడవా ఆయన గుమ్మం ముందుకే వస్తుంది. వెటరన్స్ అఫైర్స్ శాఖ, అంటే మనందరం వీఏ అనుకునే సంస్థ నడిపే ఆసుపత్రిలో పెద్ద డైరెక్టర్, ఆయన వైద్యుడు కానక్కరలేదు. ఆయన కింద వైద్యులకు చీఫ్ ఆఫ్ స్టాఫ్, నర్సులకు నర్స్ ఎగ్జిక్యూటివ్, భవనాలు, జమాఖర్చుల వంటివాటికి అసోసియేట్ డైరెక్టర్ ఉంటారు. కాబట్టి నర్సులు చాలక వార్డులో పడకలు మూసేసినప్పుడు, ఆపరేషన్ వాయిదా పడిన సర్జన్ కోపంతో మీ గదిలోకే వస్తాడు గాని, ఆ వార్డు తాళంచెవి మీ దగ్గర ఉండదు. పక్క గదిలోని నర్స్ ఎగ్జిక్యూటివ్‌తో మీకు మాట సఖ్యత లేకపోతే ఈ ఉద్యోగం ఒక్క నెల కూడా సాగదు. మీ డైరెక్టర్ అడిగారన్నారు, సంతోషమే. ఆ నర్స్ ఎగ్జిక్యూటివ్ ఏమంటున్నారో కూడా తెలుసుకున్నారా?

డబ్బు, నర్సులు, భవనం మీ చేతిలో లేకపోతే మరి మీ చేతిలో ఉన్నదేమిటని మీరు అడగవచ్చు. ప్రివిలేజెస్ ఉన్నాయి. ఏ వైద్యుడు ఈ ఆసుపత్రిలో ఏ చికిత్స చేయవచ్చు, ఏది చేయకూడదు అన్న నిర్ణయం మెడికల్ స్టాఫ్ ఎగ్జిక్యూటివ్ కమిటీలో జరుగుతుంది. ఆ కమిటీకి మీరు అధ్యక్షులు. సంతకం డైరెక్టరుదే అయినా సిఫారసు మీది, వైద్య విషయాలలో ఆ సిఫారసును కాదనే డైరెక్టర్ అరుదు. కొత్తగా చేరిన వైద్యుడి పనిని కొంతకాలం ప్రత్యేకంగా గమనించడం, పాతవారి పనిని నిరంతరం లెక్కల్లో చూస్తూ ఉండడం, తేడా కనిపిస్తే పిలిచి మాట్లాడడం, మాటలతో సరిపోనప్పుడు ప్రివిలేజెస్ తగ్గించమనో తొలగించమనో రాయడం – పదవి బరువంతా ఇక్కడే ఉంది.

విభాగాధిపతిగా పీర్ రివ్యూ గురించి మీకు తెలిసే ఉంటుంది, అయినా అధ్యక్షుడి కుర్చీలోంచి అది వేరేగా కనిపిస్తుంది. ఒక కేసును తోటి వైద్యుడు చదివి, అనుభవమున్న సమర్థులైన వైద్యులు అలాగే చేసి ఉండేవారా, వేరుగా చేసి ఉండవచ్చునా, లేక తప్పకుండా వేరుగానే చేసి ఉండేవారా అని మూడు స్థాయులలో ఒకటి నిర్ణయిస్తాడు. వైద్యులు భయపడకుండా నోరు విప్పాలన్న ఉద్దేశంతో చట్టం ఆ కాగితాలకు గోప్యతా రక్షణ కల్పించింది. అందువల్ల వాటిని ఆధారం చేసుకుని ఎవరి మీదా చర్య తీసుకోకూడదు. చర్య అవసరమని మీకు అనిపిస్తే, ఆ కేసును వేరే దారిలో, మొదటినుంచీ, రక్షణ లేని విచారణగా మళ్లీ చూడాలి. ఒకే కేసు రెండు సొరుగుల్లో ఉంటుంది, ఒక సొరుగులోని కాగితం రెండోదానిలో పడకూడదు. కొత్తగా వచ్చిన చీఫ్‌లు ఎక్కువగా తడబడేది ఈ చోటనే. ఒకరు కోపంలో ఆ హద్దు దాటితే, న్యాయంగా జరగవలసిన చర్య సాంకేతిక కారణంతో వీగిపోవడం నేను కళ్లారా చూశాను.

మొహమాటం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మనవాళ్లలో కొంచెం ఎక్కువ. 2017లో అమెరికా కాంగ్రెసుకు లెక్కలు చూసిపెట్టే జవాబుదారీ కార్యాలయం ఐదు వీఏ ఆసుపత్రులను పరిశీలించింది. వైద్యుల మీద తీసుకున్న చర్యలను నమోదు చేసే జాతీయ వైద్యుల సమాచార నిధికి పేరు తెలియజేయవలసిన తొమ్మిది మందిలో ఎనిమిది మందిని ఆ ఆసుపత్రులు తెలియజేయలేదని, రాష్ట్ర లైసెన్సు బోర్డులకు ఆ తొమ్మిది మందిలో ఒక్కరి గురించీ రాయలేదని తేల్చింది. ఆ వైద్యులు ఉద్యోగం వదిలి వెళ్లి మరో ఊళ్లో మరో ఆసుపత్రిలో చేరితే, అక్కడివారికి ఏమీ తెలియదు. ఇది దుర్మార్గం వల్ల జరిగిందని నేను అనుకోను. ఇరవై ఏళ్లు కలిసి భోంచేసిన మనిషి పేరు ఫారంలో రాయడానికి చెయ్యి రాదు. మీ విభాగంలో మీకన్నా పెద్దవారైన వైద్యుడిని పిలిచి, ‘అన్నా, ఇక ఈ ప్రొసీజరు మీరు చేయవద్దు’ అని చెప్పవలసి వచ్చిందా ఎప్పుడైనా? చెప్పి ఉంటే దరఖాస్తు పెట్టండి. అటువంటి సందర్భం వచ్చినా దాటవేసి ఉంటే మీ నాన్నగారి మాటే వినండి, కారణం ఆయన చెప్పింది కాకపోయినా.

ఈ పని మునుపటికన్నా కష్టమైనందుకు కారణం ఒకటుంది. 2014లో ఫీనిక్స్ వీఏ ఆసుపత్రిలో రోగులు ఎంతకాలం ఎదురుచూస్తున్నారో దాచిన నిరీక్షణ జాబితాల వ్యవహారం బయటపడి, మే నెలాఖరులో వీఏ కార్యదర్శి ఎరిక్ షిన్‌సెకి రాజీనామా చేశారు. తరువాత 2018లో వచ్చిన మిషన్ చట్టం కింద, ప్రాథమిక వైద్యానికీ మానసిక వైద్యానికీ 20 రోజుల్లో, స్పెషలిస్టుకు 28 రోజుల్లో అపాయింట్‌మెంట్ ఇవ్వలేకపోయినా, ప్రయాణం సగటున మొదటి రెంటికీ అరగంట, స్పెషలిస్టుకు గంట దాటినా, మాజీ సైనికుడు ప్రభుత్వ ఖర్చుతోనే బయటి వైద్యుడి దగ్గరకు వెళ్లవచ్చు. రోగి వైపు నుంచి ఇది న్యాయమే. కాని కేసులు బయటకు పోతున్నకొద్దీ మీ సర్జన్ ఏడాదికి చేసే ఆపరేషన్లు తగ్గుతాయి, చెయ్యి అలవాటు తప్పుతుంది, అతని నైపుణ్యాన్ని లెక్కల్లో చూడడానికి చాలినన్ని కేసులే ఉండవు. అప్పుడు ఆ ఆపరేషన్‌ను మీ ఆసుపత్రిలో కొనసాగించాలా వద్దా అని తేల్చవలసినది మీరే. ఆ సంగతి మీ సర్జనుకు చెప్పేటప్పుడు అది అతని తప్పు కాదని కూడా చెప్పాలి.

రోగులను వదిలేయాలా అన్నారు. వదలనక్కరలేదు. వారానికి ఒక పూట ఓపీ పెట్టుకున్న చీఫ్‌లు ఉన్నారు. అలా చేయమనే నా సలహా, ఎందుకంటే కంప్యూటర్ రికార్డులో ఒక మందు మార్చడానికి ఎన్నిసార్లు నొక్కాలో తెలియనివాడు వైద్యుల మీటింగులో మాట్లాడితే ఎవరూ వినరు. మీ ఆసుపత్రికి వైద్య కళాశాలతో అనుబంధం ఉంటే అక్కడి డీన్‌తో వ్యవహారం కూడా మీదే. ఈ అనుబంధానికి పునాది 1946 జనవరిలో పడింది. యుద్ధం నుంచి తిరిగివచ్చిన లక్షలమందికి చాలినంతమంది వైద్యులు లేక, అప్పటి వీఏ అధిపతి జనరల్ ఒమర్ బ్రాడ్లీ, వైద్య విభాగాధిపతి పాల్ హాలీ కలిసి ఆసుపత్రులను వైద్య కళాశాలలకు ముడిపెట్టారు. అందుకే చాలాచోట్ల చీఫ్ ఆఫ్ స్టాఫ్‌కు కళాశాలలో కూడా ఒక పదవి ఉంటుంది.

జీతం విషయం టూకీగా చెబుతాను. వీఏ వైద్యుడి జీతం మూలవేతనం, ప్రాంతాన్నీ స్పెషాలిటీనీ బట్టి నిర్ణయించే మార్కెట్ వేతనం, పనితీరుకు ఇచ్చే చిన్న మొత్తం కలిసి ఉంటుంది. మొత్తానికి సాధారణంగా అమెరికా అధ్యక్షుడి జీతమైన 4,00,000 డాలర్లను గరిష్ఠ పరిమితిగా చట్టం పెట్టింది. జనరల్ మెడిసిన్‌లో ఉన్న మీకు ఇది పెరుగుదలే కావచ్చు, అదే హృద్రోగ నిపుణుడైతే బాధ్యత పెరిగి ఆదాయం తరిగే బేరం. మీకు ఇంకా పౌరసత్వం రాకపోతే మాత్రం ఆగండి. అర్హుడైన పౌరుడు దొరకనప్పుడే ఇతరులను తీసుకోవాలని నియమం, ఈ స్థాయిలో పౌరులు దొరకకపోవడం అరుదు.

చివరగా, దరఖాస్తుకు ముందు ఒక పని చేయండి. వీఏ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఆసుపత్రులను తనిఖీ చేసి ఇచ్చే నివేదికలు బహిరంగంగానే దొరుకుతాయి. మీ ఆసుపత్రి గురించిన చివరి రెండు నివేదికలు చదవండి. మొదటిదానిలో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌కు చేసిన సిఫారసే రెండోదానిలోనూ కనిపిస్తే, అది ఎందుకు అలాగే ఉండిపోయిందని డైరెక్టర్ గారిని అడగండి. ఆయన చెప్పే జవాబును బట్టి, మీకు ఇస్తున్నది పదవా లేక ఎవరూ మోయని బరువా అన్నది తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చాడు. వాడికి మాజీ సైనికుల ఆసుపత్రిలో ఒక మందు మోతాదు తప్పుగా ఇచ్చారు. వారం తరువాత చీఫ్ ఆఫ్ స్టాఫ్ స్వయంగా ఫోను చేసి, మమ్మల్ని పిలిపించి, పొరపాటు జరిగిందని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, పరిహారం కోరే హక్కు ఉందని కూడా చెప్పారు. మా బంధువులు ‘ఇదేదో కేసు పెట్టకుండా చేసే ఎత్తు’ అంటున్నారు. తమ తప్పును తామే ఎందుకు చెప్పుకుంటారు?
– ఒక తల్లి, న్యూజెర్సీ

సమాధానం: అమ్మా, మీ బంధువుల అనుమానం సహజమే, కాని ఇక్కడ అది నిలవదు. తీవ్రమైన హాని కలిగించిన పొరపాటును రోగికి, లేదా కుటుంబానికి, ఆసుపత్రి పెద్దలే కూర్చోబెట్టి చెప్పాలన్నది వీఏ నియమం. పరిహారం కోరే విధానాన్ని కూడా వారే చెప్పాలి.

ఈ పద్ధతి కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ వీఏ ఆసుపత్రిలో మొదలైంది. రెండు వైద్య నిర్లక్ష్యం కేసులలో ఓడిపోయి భారీగా చెల్లించిన తరువాత, 1987లో ఆ ఆసుపత్రి దారి మార్చుకుంది. చీఫ్ ఆఫ్ స్టాఫ్ స్టీవ్ క్రామన్, న్యాయవాది జిన్నీ హామ్ ఆ మార్పుకు ముందు నిలిచారు. తప్పు తమదని తేలితే, కుటుంబానికి అనుమానమే లేకపోయినా, తామే పిలిచి చెప్పి, న్యాయమైన పరిహారం ఇవ్వజూపడం మొదలుపెట్టారు. ఇలా చేస్తే ఆసుపత్రి దివాలా తీస్తుందని అనుకున్నవారు లేకపోలేదు. 1999లో ఆ ఇద్దరూ ‘అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ పత్రికలో లెక్కలు ప్రచురించారు. 1990 నుంచి 1996 వరకు 88 క్లెయిములు వచ్చాయి, ఒక్కోదానికి సగటున చెల్లించింది 15,622 డాలర్లు. క్లెయిముల సంఖ్య మిగతా వీఏ ఆసుపత్రులకన్నా ఎక్కువే, చెల్లించిన మొత్తం మాత్రం తక్కువ వైపే ఉంది. నిజం దాచారన్న కోపమే మనిషిని కోర్టు దాకా నడిపిస్తుందని, ఆ కోపం లేనివారు తమకు రావలసినదాన్ని మాత్రమే అడుగుతారని నేను ఈ అంకెలనుంచి గ్రహించాను.

అయితే క్షమాపణ మనస్ఫూర్తిగా చెప్పినంత మాత్రాన మీరు హక్కు వదులుకోనక్కరలేదు. వీఏ వైద్యుడి మీద వ్యక్తిగతంగా దావా ఉండదు, క్లెయిము అమెరికా ప్రభుత్వం మీదే. 95వ నంబరు ప్రామాణిక ఫారాన్ని, మీకు విషయం తెలిసిన నాటినుంచి రెండేళ్ల లోపు, కోరే మొత్తాన్ని స్పష్టంగా రాసి దాఖలు చేయాలి. న్యాయవాది ఫీజు, కోర్టుకు వెళ్లకుండా తేలితే 20 శాతం, కోర్టుకు వెళితే 25 శాతం మించకూడదు. మీ అబ్బాయికి శాశ్వత వైకల్యం మిగిలితే, దాన్ని సైనికసేవలో కలిగిన వైకల్యంతో సమానంగా చూసి నెలనెలా పరిహారం ఇచ్చే 1151వ సెక్షన్ వేరుగా ఉంది. రెండు దారులలోనూ డబ్బు వస్తే ఒకదాన్ని రెండోదానిలో సర్దుతారు కాబట్టి, సంతకం పెట్టేముందు న్యాయవాదిని కలవండి. ఆ రోజు మీటింగులో ఎవరెవరు ఉన్నారో, ఏమి చెప్పారో మీ మాటల్లో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: నేను సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యాను. అమెరికాలో ఉన్నట్టు మన దేశంలో మాజీ సైనికులకు ప్రత్యేకమైన ఆసుపత్రులు, వాటికి ఇటువంటి వైద్యాధిపతి ఉన్నారా?
– ఒక మాజీ సైనికుడు, విజయనగరం జిల్లా

సమాధానం: అలాంటి ప్రత్యేక ఆసుపత్రుల వ్యవస్థ మనకు లేదు. 2003 ఏప్రిల్ 1న మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం (ఈసీహెచ్ఎస్) కింద మీరు పాలీక్లినిక్‌కు వెళతారు, అక్కడినుంచి సైనిక ఆసుపత్రికో, పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రికో పంపుతారు. పాలీక్లినిక్‌లో కనిపించే ఆఫీసర్ ఇన్‌చార్జి సాధారణంగా విశ్రాంత సైనికాధికారి, ఆయన చూసేది పరిపాలన. వైద్య విషయాల పర్యవేక్షణ ఆ ప్రాంతపు సైనిక ఆసుపత్రిలోని సీనియర్ ఎగ్జిక్యూటివ్ మెడికల్ ఆఫీసరుది. కాబట్టి వరుస, మందుల కొరత, కార్డు వంటి ఇబ్బందులుంటే మొదటివారికి, వైద్యం మీద ఫిర్యాదు ఉంటే రెండోవారికి రాయండి. ప్రైవేటు ఆసుపత్రిలో జరిగినదానికైతే ఆ ఆసుపత్రి సూపరింటెండెంటుకు రాసిన ఉత్తరం నకలును పాలీక్లినిక్‌లో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవడం మరవకండి.