డైనోసార్లు సరీసృపాలేనా?

ప్రశ్న: డైనోసార్లకూ సరీసృపాలకూ తేడా ఏమిటి? మా అబ్బాయి పాఠ్యపుస్తకంలో డైనోసార్లు సరీసృపాలేనని ఉంది. అవి పక్షులకు దగ్గరి జీవులని మరోచోట చదివాను. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. సరీసృపాలనే పెద్ద వంశంలో డైనోసార్లు ఒక శాఖ. పాములు, బల్లులు, తాబేళ్లు, మొసళ్లు అదే వంశంలోని ఇతర శాఖలకు చెందినవి. అందువల్ల మిగతా సరీసృపాల నుంచి డైనోసార్లను వేరుచేసే లక్షణం ఏమిటని అడిగితే ప్రశ్న సరిగ్గా కుదురుతుంది. భారీ ఆకారాన్ని ఆ లక్షణంగా చెప్పలేము, ఎందుకంటే కోడి పరిమాణానికి మించని డైనోసార్లు కూడా ఉండేవి.

అసలు గుర్తు తుంటి దగ్గర ఉంది. నేల మీద కదిలే తొండను కాస్త గమనించండి. దాని తొడలు, భుజాలు శరీరానికి పక్కలకు చాచుకుని ఉంటాయి, మోకాళ్లు, మోచేతులు బయటికి వంగి ఉంటాయి, పొట్ట నేలకు దగ్గరగా ఉంటుంది. పరుగెత్తేటప్పుడు నడుము కుడికీ ఎడమకూ మెలికలు తిరుగుతుంది. నడుమును అలా వంచే కండరాలే ఊపిరి పీల్చడానికి కూడా అవసరం కావడంతో, చాలా రకాల బల్లులు వేగంగా పరుగెడుతున్నంతసేపూ సరిగా శ్వాసించలేవు. అవి కొంతదూరం పరుగెత్తి చటుక్కున ఆగడానికి ఇదొక ముఖ్య కారణం.

డైనోసార్ల కాళ్లు శరీరం కిందికి నిటారుగా దిగి ఉండేవి. బల్లి తుంటి ఎముకలో తొడ ఎముక అమరే గుంట, అడుగు మూసి ఉన్న గిన్నెలా ఉంటుంది. డైనోసార్లలో ఆ గుంటకు అడుగు లేదు, అది ఒకవైపు నుంచి మరోవైపుకు తెరుచుకుని ఉన్న రంధ్రం. తొడ ఎముక తల లోపలివైపు వంగి అందులో అమరేది, రంధ్రం పై అంచు శరీర బరువును నేరుగా కాలి మీదికి దింపేది. కొన్ని శాకాహార డైనోసార్లు పదుల టన్నుల బరువుకు పెరిగినా తమ కాళ్లపై నడవగలిగాయంటే ఈ అమరిక అందుకు ఎంతో తోడ్పడింది. అయితే నిటారు కాళ్లు ఒక్కటే చాలవు. మొసళ్ల ప్రాచీన బంధువుల్లో కొన్నింటికి కూడా కాళ్లు నిటారుగానే ఉండేవి, కానీ వాటి తుంటి కీలు నిర్మాణం వేరు. శిలాజాన్ని గుర్తించే నిపుణులు భంగిమను ఊహించి ఊరుకోక, ఎముకను పట్టి చూడడం ఇందుకే.

1842లో బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ డైనోసార్లను ప్రత్యేక వర్గంగా గుర్తించినప్పుడు కూడా ఇదే ప్రాంతం ఆయనకు ఆధారమైంది. ఇంగ్లండులో దొరికిన మూడు జంతువుల శిలాజాల్లో తుంటి వద్ద ఐదు వెన్నుపూసలు ఒకటిగా అతుక్కుని ఉన్నాయని ఆయన చూపారు. నేటి సరీసృపాల్లో సాధారణంగా అక్కడ రెండే ఉంటాయి.

కాలక్రమం కూడా ఈ బంధుత్వాన్ని స్పష్టం చేస్తుంది. మనకు తెలిసిన అత్యంత పురాతన సరీసృపాల్లో ఒకదాని శిలాజాలు కెనడాలో దొరికాయి, వాటి వయసు దాదాపు 31 కోట్ల ఏళ్లు. అర్జెంటీనాలో లభించిన తొలినాటి డైనోసార్ల వయసు సుమారు 23 కోట్ల ఏళ్లు. అంటే డైనోసార్లు పుట్టేనాటికే సరీసృపాలకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది.

ప్రశ్న: ఎగిరే టెరోసార్లు, సముద్రంలో తిరిగిన ప్లీసియోసార్లు డైనోసార్లు కావా?

జవాబు: కావు. టెరోసార్లు డైనోసార్లకు దగ్గరి బంధువులు. ప్లీసియోసార్లు, ఇక్తియోసార్లు వేరే శాఖలకు చెందిన సముద్ర సరీసృపాలు. సముద్రంలోనే తిరిగిన మోససార్లు మాత్రం బల్లులకూ పాములకూ దగ్గరివి. వీపు మీద తెరచాపలాంటి నిర్మాణం ఉన్న డైమెట్రోడాన్‌ను బొమ్మల పెట్టెల్లో డైనోసార్లతో కలిపి పెడుతుంటారు. నిజానికి అది తొలి డైనోసార్‌కు నాలుగు కోట్ల ఏళ్లకు పైగా ముందే అంతరించింది. వంశం రీత్యా అది క్షీరదాలకు, అంటే మనకు, దగ్గరిది. పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి, వారు దీన్ని ఎంతో ఇష్టంగా గుర్తుంచుకుంటారు.

ప్రశ్న: పక్షులు డైనోసార్ల నుంచే వచ్చాయంటారు. అలాగైతే పక్షులు కూడా సరీసృపాలేనా?

జవాబు: వంశవృక్షాన్ని బట్టి చూస్తే అవును. ఈకలు, పళ్లు, పొడవైన ఎముకల తోక మూడూ కలిగిన ఆర్కియోప్టెరిక్స్ అస్థిపంజరం 1861లో జర్మనీలో వెలుగుచూసింది. చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న మాంసాహార డైనోసార్ శరీరంపై నూగులాంటి ఈకలు ఉన్నట్లు 1996లో బయటపడింది. పాత వర్గీకరణ పక్షులను ప్రత్యేక తరగతిగా ఉంచింది, పాఠశాల పుస్తకాలు చాలావరకు నేటికీ దాన్నే పాటిస్తున్నాయి. పరీక్షకు అది సరిపోతుంది. కానీ మొసలికి బల్లి కంటే పావురమే దగ్గరి బంధువన్న నిజాన్ని ఆ పద్ధతి దాచేస్తుంది. మొసలి గుండెకూ, పక్షి గుండెకూ పూర్తిగా వేరుపడిన నాలుగు గదులు ఉంటాయి, బల్లి గుండెలో మాత్రం జఠరిక, అంటే రక్తాన్ని బయటికి నెట్టే కింది గది, పూర్తిగా రెండుగా చీలదు.

6.6 కోట్ల ఏళ్ల కిందట నేటి మెక్సికోలోని యుకటాన్ ప్రాంతాన్ని గ్రహశకలం ఢీకొన్నప్పుడు పక్షేతర డైనోసార్లన్నీ నశించాయి, పక్షుల్లో కొన్ని మిగిలాయి. కనుక డైనోసార్లు అంతరించాయని రాసేటప్పుడు ‘పక్షులు మినహా’ అని చేర్చడమే సరైన పద్ధతి.