ద్రవ్య ‘వినిమయ’ బిల్లా, ‘వినియోగ’ బిల్లా?

సందేహం: బడ్జెట్ సమావేశాల చివర్లో ‘ద్రవ్య వినిమయ బిల్లుకు శాసనసభ ఆమోదం’ అని టీవీలో స్క్రోలింగ్ వచ్చింది. మా అమ్మ అది చదివి, ‘డబ్బు మారుస్తారా? మళ్లీ 2016లో లాగా నోట్లు రద్దు చేస్తున్నారా?’ అని టెన్షన్ పడింది. వినిమయం అంటే మార్పిడే కదా! ఆ పేరు సరైనదేనా? ‘సంచిత నిధి’లో సంచితం అంటే ఏమిటి?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

సమాధానం: మీ అమ్మగారు ఆ మాటను సరిగ్గానే అర్థం చేసుకున్నారమ్మా. చిక్కంతా పేరులోనే ఉంది.

ఒకటి ఇచ్చి ఇంకొకటి పుచ్చుకోవడం వినిమయం. వడ్లు కొలిచి ఇచ్చి కుండ తెచ్చుకుంటే అది వస్తు వినిమయం. మార్చుకోవడం అనే అర్థమున్న ‘మేఙ్’ ధాతువుకు వి, ని అనే ఉపసర్గలు చేరి పుట్టిన మాట ఇది. దీన్ని కాళిదాసు వాడిన చోటు ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. రఘువంశం మొదటి సర్గలో దిలీపుడి పాలన గురించి ఇలా అంటాడు:

దుదోహ గాం స యజ్ఞాయ సస్యాయ మఘవా దివమ్
సంపద్వినిమయేనోభౌ దధతుర్భువనద్వయమ్

రాజు యజ్ఞం కోసం భూమిని పితికాడు, అంటే పన్ను తీసుకున్నాడు. ఇంద్రుడు పైరు కోసం ఆకాశాన్ని పితికాడు, అంటే వాన కురిపించాడు. ఇద్దరూ తమ సంపదలు ఇచ్చిపుచ్చుకుని రెండు లోకాలనూ పోషించారు. ఇక్కడ ఇచ్చేవాళ్లూ ఇద్దరే, పుచ్చుకునేవాళ్లూ ఇద్దరే. రెండో చెయ్యి లేనిదే వినిమయం లేదు.

మరి శాసనసభలో జరిగేదేమిటి? ప్రభుత్వం ముందుగా శాఖలవారీగా పద్దులు పెడుతుంది. (పద్దు ఎంత చక్కటి మాట! కిరాణా కొట్టు చిట్టా నుంచి శాసనసభ దాకా ఒకే అర్థంతో నడుస్తోంది.) వాటికి సభ ఒప్పుకున్న తర్వాత, ఆ సొమ్మును ఖజానా నుంచి తీయడానికి ఒక చట్టం కావాలి. రాజ్యాంగం 204వ అధికరణం చెప్పేది అదే. ఆ చట్టం లేకుండా రాష్ట్ర సంచిత నిధి నుంచి రూపాయి కూడా బయటికి రాకూడదు. బిల్లు మీద చర్చించవచ్చు గాని, సభ ఇచ్చిన మొత్తాన్ని గాని, అది ఏ పనికి వెళ్లాలన్నది గాని మార్చే సవరణ పెట్టకూడదు. ఇందులో మార్పిడి ఎక్కడుంది? ఇంత సొమ్ము ఈ పనికి అని కేటాయించడమే ఉంది.

అందుకు మనకు సిద్ధంగా ఉన్న మాట వినియోగం. ‘యుజ్’ ధాతువుకు కూడా అవే ఉపసర్గలు చేరాయి. విష్ణు సహస్రనామం మొదలుపెట్టే ముందు ‘జపే వినియోగః’ అంటాం చూడండి, ఈ మంత్రం ఈ పనికి అని నియమించడం అది. గుడిలో ‘ప్రసాద వినియోగం’ అంటే పంచిపెట్టడం. వాడుకోవడం అన్నది తర్వాత బలపడిన అర్థం. హిందీవాళ్లు ఈ బిల్లును ‘వినియోగ్ విధేయక్’ అంటున్నారు.

మన పత్రికలే ఇంకో గట్టి సాక్ష్యం ఇస్తున్నాయి. ఒక పనికిచ్చిన సొమ్మును ఎవరైనా సొంతానికి మళ్లిస్తే ‘నిధుల దుర్వినియోగం’ అని పెద్ద అక్షరాలతో వేస్తాయి. ‘దుర్వినిమయం’ అని ఏ విలేకరీ రాయగా నేను చూడలేదు. తప్పు జరిగినప్పుడు సరైన మాట దొరుకుతున్నప్పుడు, సక్రమంగా జరిగినప్పుడు మాత్రం ఎందుకు దొరకదు? ఏటా కొన్ని లక్షల కోట్ల ప్రజల సొమ్ముకు సంబంధించిన బిల్లు ఇది. దాని పేరు ప్రజలకు తెలియకపోయినా ఫర్వాలేదన్నట్టు రాయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ‘అప్రాప్రియేషన్ బిల్’ అనే ఇంగ్లీషు పేరును అనువాదం చేసినవారు ఒక్కసారి నిఘంటువు తెరిస్తే బాగుండేది.

అలాగని ‘ద్రవ్య వినిమయ బిల్లు’ అని రాయడం తప్పు అని కొట్టివేయలేను. రెండు రాష్ట్రాల్లోనూ ఆ పేరు పాతుకుపోయింది. వ్యుత్పత్తి (మాట పుట్టుక) కంటే రూఢి (వాడుకలో స్థిరపడిన అర్థం) బలమైనదని పెద్దల మాట కూడా ఉంది. పరీక్షల్లో మీ పిల్లలు ఆ పేరే రాయాలి. నేను మాత్రం ‘ద్రవ్య వినియోగ బిల్లు’ అనే రాస్తాను. అమ్మగారికి ‘ఖజానాలోంచి సొమ్ము తీయడానికి సభ ఇచ్చే అనుమతి’ అని చెప్పండి, చాలు.

ఇక సంచితం అంటే పోగైనది. పన్నులు, ప్రభుత్వం తెచ్చిన అప్పులు, తాను ఇచ్చిన అప్పుల మీద తిరిగి వచ్చిన సొమ్ము అన్నీ చేరే చోటు కాబట్టి అది సంచిత నిధి. ఈ పేరు పెట్టినవారికి మాత్రం నా నమస్కారం.