ఒక వార్తా ఫోటో నిరసనపై జనాభిప్రాయాన్ని ఎలా మలుస్తుంది?

ముందు ఏ ఫోటో వేయాలన్న ఎంపికతో, తర్వాత కోణంతో, చివర్లో శీర్షికతో. మూడింటిలో బలమైనది ఎంపికే.

అమెరికాలోని బర్మింగ్‌హామ్ ఉదాహరణ చూడండి. అక్కడ నల్లజాతివాళ్లు సమాన హక్కుల కోసం ఊరేగింపులు తీస్తున్న రోజులవి. 1963 మే 3న పోలీసు కుక్క ఒక నల్లజాతి విద్యార్థి మీదికి దూకుతుండగా అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఫోటోగ్రాఫర్ బిల్ హడ్సన్ తీసిన చిత్రం మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. దేశమంతా చర్చ 'వీళ్లెందుకు రోడ్డెక్కారు' నుంచి 'పోలీసులు పిల్లలపై ఇలా చేస్తారా' అన్నదానికి మళ్లింది. నిజానికి ఆ కుర్రాడు ఊరేగింపులో లేడు, చూడ్డానికి వచ్చాడు. ఫోటో ఆ సంగతి చెప్పదు. మరోపక్క, ఊళ్లోని బర్మింగ్‌హామ్ న్యూస్ అప్పట్లో వేయకుండా పక్కనపెట్టిన ఉద్యమ ఫోటోలు ఎన్నో 2006లో గానీ అచ్చు కాలేదు. వేయకపోవడమూ అభిప్రాయాన్ని మలిచే పనే!

లెన్స్ సంగతి: దూరంగా, తల ఎత్తులో నిలబడి దూరాన్ని దగ్గర చేసి చూపే 200 ఎంఎం లెన్స్‌తో తీస్తే వందమంది కిక్కిరిసిన జనసంద్రంలా కనిపిస్తారు. అదే గుంపును మేడ మీంచి విశాలంగా చూపే 24 ఎంఎం లెన్స్‌తో తీస్తే మధ్యలో ఖాళీలు బయటపడతాయి. పోలీసుల వెనక నుంచి తీస్తే రాళ్లు చూసేవాడి మీదికే వస్తున్నట్టుంటుంది, నిరసనకారుల వెనక నుంచి తీస్తే లాఠీలు.

రోజంతా ప్రశాంతంగా సాగిన ధర్నాలో తగలబడిన ఒక్క టైరే పేజీకెక్కితే, డిమాండ్ ఏమిటో పాఠకుడికి గుర్తుండదు. ఎడిటర్‌కు మంట కావాలి కదా. అందుకే ఫోటో చూడగానే కెమెరా ఎవరి పక్కనుందో, అంచుల్లో ఏం కత్తిరించారో, శీర్షికలో 'ఘర్షణ' అన్నారా, 'లాఠీచార్జి' అన్నారా చూడండి. అదే ఘటనపై మరో రెండు పత్రికల ఫోటోలు పక్కన పెట్టుకుంటే చాలావరకు తేలిపోతుంది.