మావాడు ఫుట్‌బాల్ ఆడుతూనే కుస్తీ కూడా పడతానంటున్నాడు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మావాడు లెవెన్త్ గ్రేడ్. ఆగస్టు నుంచి అమెరికన్ ఫుట్‌బాల్, నవంబర్ నుంచి రెజ్లింగ్, అంటే కుస్తీ. గ్రేడ్లు ఎక్కువగా బీలే. బ్రాంకో నగుర్‌స్కీ అనే పాతకాలం ఆటగాడి గురించి చదివి, ఆయనలాగే రెండూ ప్రొఫెషనల్‌గా ఆడతానంటున్నాడు. వాళ్ళ నాన్నేమో రెండూ మానేసి కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌కి కూర్చోమంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

జవాబు: అమ్మా, ముందు ఒక మాట, ఆటలు మానిపించకండి. కాకపోతే మీవాడు ఆ కథ సగమే చదివినట్టున్నాడు, మిగతా సగం ముగ్గురూ కలిసి కూర్చుని చదవండి.

నగుర్‌స్కీ 1908లో కెనడాలో పుట్టి, మిన్నెసోటాలో ఇంటర్నేషనల్ ఫాల్స్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. అమ్మానాన్నలు ఉక్రెయిన్ నుంచి వలస వచ్చినవాళ్ళు. 1930లో చికాగో బేర్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరితే ఏడాదికి 5,000 డాలర్లు ఇచ్చారు, తర్వాత ఆర్థిక మాంద్యం ముదిరి ఆ జీతం పెరగకపోగా ఇంకా తగ్గింది. 1932లో, 33లో టీమ్ ఛాంపియన్ అయింది, అయినా ఇల్లు గడవడానికి ఆయన 1933 నుంచి కుస్తీ మొదలుపెట్టాడు. అంటే రెండో ఆట సరదాకి పట్టుకున్నది కాదు, జీతం చాలక పట్టుకున్నది. 1937లో కుస్తీలో ప్రపంచ టైటిల్ గెలిచాడు, అదే ఏడాది బేర్స్‌కీ ఆడాడు, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య రైళ్ళలో ఊళ్ళు తిరిగి కుస్తీలు పట్టాడు. జీతం పెంచమంటే టీమ్ ఒప్పుకోలేదు, ఫుట్‌బాల్ వదిలేశాడు. 1943లో ఆటగాళ్ళు యుద్ధానికి వెళ్ళిపోతే పిలిపించుకున్నారు, ఆ ఒక్క సీజన్ ఆడి మళ్ళీ టైటిల్ గెలిపించాడు. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళు వచ్చేదాకా కుస్తీలే, చివరికి సొంత ఊళ్ళో గ్యాస్ స్టేషన్ నడుపుకున్నాడు. 1963లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ గొప్ప ఆటగాళ్ళ జాబితా, హాల్ ఆఫ్ ఫేమ్‌లో మొదటి విడతలోనే చేర్చుకున్నారు, నాకైతే ఆయనంటే చాలా గౌరవం, కానీ ఆ బతుకు మీ అబ్బాయికి రావాలని మాత్రం కోరుకోను.

ఇంకో సంగతి. ఇప్పుడలా రెండూ ఒకేసారి కుదరవు, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కాంట్రాక్టులోనే గాయాలయ్యే ఇతర పనులు టీమ్ అనుమతి లేకుండా చెయ్యకూడదని ఉంటుంది. ఒకటి అయ్యాక ఇంకోటి చేసుకోవాల్సిందే. ‘ద రాక్’గా పేరున్న సినిమా నటుడు డ్వేన్ జాన్సన్ మయామీలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడి, 1995లో కెనడాలోని ఒక ప్రొఫెషనల్ టీమ్ తీసేశాకే కుస్తీలోకి వచ్చాడు, అది కూడా తండ్రీ తాతా రెజ్లర్లు అయిన ఇంటి నుంచి. కుస్తీలో ఒలింపిక్ బంగారు పతకం ఉన్న గేబుల్ స్టీవ్‌సన్‌ని 2024లో ఎన్ఎఫ్ఎల్ టీమ్ బఫలో బిల్స్ తీసుకుని సీజన్ మొదలుకాకముందే వదిలేసింది. పైగా మీవాడు స్కూల్లో పట్టేది నిజమైన పోటీ, ప్రొఫెషనల్ కుస్తీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈలో గెలుపోటములు ముందే రాసి పెట్టుకుంటారు, దెబ్బలు మాత్రం నిజమే. అది వేరే ఉద్యోగం, వేరే ట్రైనింగ్.

స్కూల్లో మాత్రం రెండూ ఒకదానికొకటి బాగా పనికొస్తాయి. కుస్తీ వల్ల కాళ్ళ మీద నిలకడ, కిందనుంచి పట్టే అలవాటు వస్తాయి, అది ఫుట్‌బాల్‌లో ఎదుటివాణ్ణి పట్టి పడేసే ట్యాక్లింగ్‌కి చాలా అవసరం. టెన్షన్ అంతా బరువు దగ్గరే, ఫుట్‌బాల్ కోచ్ పెంచమంటాడు, కుస్తీలో వెయిట్ క్లాస్ కోసం తగ్గాలనిపిస్తుంది. సీజన్ మొదట్లో స్కూల్ వాళ్ళు పరీక్ష చేసి కనీస బరువు చెప్తారు, దానికి దిగువకి పోవడానికి వాడు తిండీ నీళ్ళూ మానేస్తుంటే మీరు గట్టిగా అడ్డుపడండి. తలకి దెబ్బ తగిలితే డాక్టర్ ఒప్పుకునేదాకా ఏ ఆటా వద్దు, ఆ దెబ్బ ఎప్పుడు తగిలిందో తేదీతో సహా రాసి పెట్టుకోండి.

వాళ్ళ నాన్న భయం అర్థం లేనిది కాదు. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే, ఆ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కలో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, కావాలి, అందులో పది కోర్సులు ట్వెల్త్ గ్రేడ్ మొదలయ్యేలోపే అయిపోవాలి. డివిజన్ త్రీలో అయితే ఆటకి స్కాలర్‌షిప్ అసలు ఇవ్వరు, అక్కడ ఫీజు తగ్గేది మార్కులు, ఇంటి ఆదాయం చూసే. అంటే ఆయన చదవమన్న చదువే మీవాడి ఆటకి కూడా కావాలి. ఈ మాట ఆయన నోట కాకుండా కోచ్ నోట వినిపించండి, ఆ వయసులో అదే ఎక్కుతుంది.

ఈ వారంలోనే స్కూల్ కౌన్సిలర్‌ని కలిసి ఎన్ని కోర్ కోర్సులు అయ్యాయో లిస్ట్ తీసుకోండి. అది చేతికొచ్చాక నాకు మళ్ళీ రాయండి, ఏయే కాలేజీల కోచ్‌లకి వాడి ఆట వీడియోలు పంపాలో అప్పుడు మాట్లాడుకుందాం.