సెకండ్ హ్యాండ్ మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కెమెరా: హాసెల్‌బ్లాడా, మామియానా, బ్రోనికానా?

మీడియం ఫార్మాట్ అంటే మామూలు 35 ఎంఎం రీలు కంటే వెడల్పైన 120 ఫిల్మ్ రోల్ వేసే కెమెరా. లక్ష లోపు బడ్జెట్, ఉండేది కూకట్‌పల్లి, పోర్ట్రెయిట్లూ ఓల్డ్ సిటీ గల్లీలూ తీయాలి, ఏ సిస్టమ్‌లోకి దిగమంటారు అని అడిగారు. ముందు ఆ సిస్టమ్ అనే మాట మర్చిపోండి. బాడీ, మూడు లెన్సులు, ఫిల్మ్ పట్టే రెండు బ్యాకులు, ప్రిజం ఫైండర్ అంటూ వీడియోలు చూసి లిస్టు రాసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. బయటికి వచ్చేది బాడీతో వచ్చిన నార్మల్ లెన్స్ ఒక్కటే, మిగతావన్నీ బీరువాలో ఫంగస్‌కి మేత. మనం చూసుకోవాల్సింది, అది మొరాయిస్తే విప్పి బాగుచేసే మనిషి ఈ ఊళ్లో ఉన్నాడా లేడా అని.

అందుకే నా లెక్కలో బ్యాటరీ లేకుండా నడిచేదే కెమెరా. బ్రోనికా ఎస్‌క్యూ-ఏ లెన్సులకు వంక పెట్టలేం, హాసెల్‌బ్లాడ్ కంటే చాలా చవక కూడా. కానీ కరెంటు అందకపోతే 1/500 సెకను తప్ప ఇంకో షట్టర్ స్పీడ్ పలకదు. పెంటాక్స్ 67 అయితే ఆ ఒక్కటీ ఉండదు, మొత్తానికే బంద్. లోపలి సర్క్యూట్ కాలితే కొత్తది ఎవరు చేసిస్తారు? మామియా ఆర్‌బీ67, హాసెల్‌బ్లాడ్ 500సీ/ఎం, యాషికా మ్యాట్ 124జీ, మామియా సీ330 లాంటివాటిలో ఉండేది స్ప్రింగులూ గేర్లే. ఓపికున్న పాత మెకానిక్ దొరికితే చాలావరకు దారికొస్తాయి. యాషికాలో వెలుతురు కొలిచే మీటర్‌కి మాత్రం బ్యాటరీ కావాలి, ఆ పాదరసం బ్యాటరీలు ఇప్పుడు రావు. ఫోన్‌లో మీటర్ యాప్ వేసుకోండి, సరిపోతుంది.

హాసెల్‌బ్లాడ్ అమ్మేవాళ్లందరూ "చంద్రుడి మీదకి వెళ్లిన కెమెరా" అని ఒక ముక్క కలుపుతారు, దానికి ఇంకో ఇరవై వేలు. 1969లో అక్కడికి వెళ్లింది మోటారున్న 500ఈఎల్‌ని మార్చి చేసిన మోడల్ అండీ, వీళ్లు అమ్మే 500సీ/ఎం కాదు. పైగా బాడీ, లెన్స్ రెండూ కాక్ అయి (స్ప్రింగు బిగించి, నొక్కడానికి సిద్ధంగా) ఉన్నాయో లేదో చూడకుండా లెన్స్ మార్చారంటే జామ్ అయి కూర్చుంటుంది.

ఇక ఎలా చూసి కొనాలన్నది నేను ఏ వీడియోలోనూ నేర్చుకోలేదు. నారాయణగూడలో ఒక పాత స్టూడియో మూసేస్తున్నారని తెలిసి మా బావమరిది నన్ను లాక్కెళ్లాడు. మేడమీద గది, గోడకి మెట్లూ పూలకుండీలూ గీసిన పరదా, మూలన గొడుగు లైట్లు. ఆ స్టూడియో పెద్దాయన యాషికా మ్యాట్ (చూడ్డానికి పైన ఒకటి, ఫొటోకి కింద ఒకటి, రెండు లెన్సులుంటాయి దీనికి) బయటికి తీసి ధర చెప్పలేదు, ముందు వెనక తలుపు తెరిచి షట్టర్ ఒక సెకను మీద పెట్టి మా బావమరిది చెవి దగ్గర నొక్కాడు. "ఇనబడ్తుందా బిడ్డా? నడుమల ఆగకుండ గుర్రుమనాలె. నడుమల గొంతు పట్టిందంటే లోపట నూనె ఎండిపోయినట్టు." నిజంగానే సన్నగా జుర్రుమని ఒకే శ్వాసలో అయిపోయింది. సగం సెకను, పావు సెకను, 1/8, 1/15, అన్నీ వరసగా వినిపించాడు.

తర్వాత చేసిన పని ఇంకా బాగుంటుంది. బటర్ పేపర్ ముక్క కత్తిరించి ఫిల్మ్ నడిచే పట్టాల మీద బిగుతుగా అంటించాడు. షట్టర్ బీ మీద (నొక్కినంతసేపూ తెరిచే ఉంటుంది) పెట్టి, కేబుల్ రిలీజ్ బిగించి, పై అద్దంలో రోడ్డవతల ఉన్న లేడీస్ టైలర్ బోర్డుకి ఫోకస్ చేశాడు. అక్కడ అక్షరాలు నిటారుగానే ఉన్నాయి కానీ కుడి ఎడమలు తారుమారు. వెనక బటర్ పేపర్ మీద అదే బోర్డు తలకిందులుగా పడింది, నెగెటివ్‌లు చూసే భూతద్దం ఇచ్చి చూడమన్నాడు. పైన అక్షరం అంచు తేటగా ఉన్నప్పుడు కిందా అంతే తేటగా ఉండాలట. లేదంటే పై లెన్స్, కింది లెన్స్ కలవనట్టే, అప్పుడు మీరెంత జాగ్రత్తగా ఫోకస్ చేసినా ఫొటో మెత్తగానే వస్తుంది. చివరికి లైట్లార్పి లెన్స్ వెనక నుంచి టార్చి కొట్టాడు. అంచున సాలెగూడులాంటి సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. కనిపించలేదు, కొన్నాం.

ఇదంతా ఆన్‌లైన్‌లో ఎవరు చూపిస్తారు? దుప్పటి మీద పెట్టి తీసిన నాలుగు ఫొటోలు, "తాతగారిది, టెస్ట్ చేయలేదు" అని ఒక లైను. టెస్ట్ చేశారు, పని చేయలేదు, అంతే దాని అర్థం. ఎర్రగడ్డ సంతలో అగ్ఫా క్లిక్ త్రీని కూడా వింటేజ్ మీడియం ఫార్మాట్ అని అమ్ముతారు. 120 ఫిల్మే వేస్తారు కాబట్టి అబద్ధమేమీ కాదు లెండి.

కెమెరా కంటే పెద్ద తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. ఆరో నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ స్టూడియో మన సికింద్రాబాద్‌లోనే ఉండేది, అదే ఊళ్లో ఇప్పుడు 120 రోల్ అడిగితే షాపులో మెమరీ కార్డు చూపిస్తున్నారు. దొరికినా రోల్ వెయ్యి రూపాయలకు అటూ ఇటూ, 6×6 సెంటీమీటర్ల ఫ్రేమ్‌లో పన్నెండు ఫొటోలు, 6×7లో పది. ఒక ల్యాబ్‌వాళ్లు నా నెగెటివ్‌ని సరిగ్గా ఫ్రేమ్ మధ్యలోంచి కత్తిరించి కవర్లో పెట్టిచ్చారు. అడిగితే "స్కాన్ పంపాం కదా సార్" అన్నారు. అప్పట్నుంచి బ్లాక్ అండ్ వైట్ ఇంట్లోనే కడుగుతున్నాను. దానికి సాధారణంగా 20 డిగ్రీల నీళ్లు కావాలి, మే నెలలో మా ట్యాంకు నీళ్లలో చెయ్యి పెట్టలేం, ఐస్ ముక్కలేసుకుంటూ థర్మామీటర్ చూస్తూ కూర్చోవాలి. కలర్‌కి 38 డిగ్రీలు కావాలి కాబట్టి ఎండాకాలంలో అదే నయమనిపిస్తుంది.

మీ విషయానికొస్తే, గల్లీల్లో తిరుగుతారు కాబట్టి యాషికా మ్యాట్ తీసుకోండి, లక్షలో సగం కూడా అవ్వదు, మిగిలింది ఫిల్మ్‌కి ఉంచుకోండి. అది ఒక మీటరు దూరం కంటే దగ్గరికి ఫోకస్ అవ్వదు, ముఖం ఫ్రేమ్ నిండా కావాలంటే లెన్స్‌ని ముందుకు జరిపే మడతల బెలోస్ ఉన్న సీ330 చూడండి. ఆర్‌బీ67 రెండున్నర కిలోల పైమాట, ఇంట్లో ట్రైపాడ్ మీద పోర్ట్రెయిట్లకైతే దాన్ని మించింది లేదు, నిలువు ఫొటోకి బ్యాక్ తిప్పితే చాలు, కెమెరా తిప్పక్కర్లేదు. చార్మినార్ దగ్గర మెడలో వేసుకుని తిరిగితే మాత్రం సాయంత్రానికి ఫిజియోథెరపీకి వెళ్లాలి. ఏది కొన్నా దాంతో వచ్చిన లెదర్ కేసులో పెట్టి దాచకండి, వానాకాలంలో ఫంగస్ మొదలయ్యేది అందులోనే. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, నాలుగు సిలికా జెల్ పొట్లాలు చాలు. మామియాలోనే ఆర్‌జెడ్67 సంగతేంటని కింద ఎవరో అడుగుతారని తెలుసు, అది బ్యాటరీ కెమెరా, పైన చెప్పిందే.